తలుపుకు అడ్డం

ఇంజిన్ నూనె ఆపే సీలు మళ్ళీ పోయింది.

రేసు కారు కింద నల్లటి నూనె మడుగు కట్టింది. షెడ్డంతా కాలిన రబ్బరు కంపు. ఓనరు ఆ మడుగులోనే ఉమ్మేశాడు.

"మొన్నేగా మార్చావు?"

"మార్చాను సార్," అన్నాడు మెకానిక్. "ఎన్ని మార్చినా ఇంతే. ఇంజిన్ ముందున్న ఆ తేలిక పుల్లీ అదురును ఆపదు. కంపెనీ పుల్లీ అయితే బరువు. మధ్యలో రబ్బరుంటుంది, అదురంతా అది మింగేస్తుంది. ఇప్పుడా అదురు సీలును తింటోంది. నూనె పోయి ముందు టైరు మీద పడుతోంది."

"పుల్లీ జోలికొచ్చావంటే చెయ్యి విరుస్తా. బండి పరుగంతా దాంట్లోనే ఉంది."

"కాస్త పరుగు తగ్గితే తగ్గనీ బావా," అన్నాడు డ్రైవరు. ఓనరు భార్యకు తమ్ముడతను. "జారితే పోయేది నేను."

"అచ్చం మీ అక్కలాగే. నీడ చూసినా దడుపే!"

అప్పుడే గుమ్మంలో ఒకావిడ కనిపించింది. మోసుకొచ్చిన గోనెసంచి దించి, అందులోంచి ఒక ఇనుప చక్రం తీసింది.

పుల్లీ. బరువుది. రబ్బరున్నది.

"ఇది ఈ బండిదేనండీ. పెట్టుకోండి."

"పాత సామాన్లు కొనం. పోవమ్మా."

"అమ్మడానికి రాలేదు. ఊరికే ఇస్తున్నాను."

ఓనరు విరగబడి నవ్వాడు. "ఊరికే వచ్చేది ఇనుము కాదమ్మా, దరిద్రం!"

"అది కాదండీ, మా ఆయన..."

"ఏం, ఆయన్ని కూడా ఊరికే ఇచ్చేస్తావా?"

మెకానిక్ అందరికంటే గట్టిగా నవ్వాడు. జీతం తినే నోరు అలాగే నవ్వుతుంది.

ఆమె నవ్వలేదు. డ్రైవరు వైపు తిరిగింది.

"బాబూ, నీకు పెళ్ళయిందా?"

"అయిందండీ."

"పిల్లనిచ్చేలా ఉందిరోయ్!" అన్నాడు ఓనరు.

ఆమె ఇంకేదో చెప్పబోయింది. ఓనరు ఇంజిన్ స్టార్ట్ చేసి రేజ్ చేశాడు. ఆ రొదలో ఆమె పెదాలు కదలడమే కనిపించింది. కాసేపు చూసి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మెకానిక్ పుల్లీని తిప్పి చూశాడు. రబ్బరు చెక్కు చెదరలేదు.

"సార్, ఇది సరిగ్గా మన ఇంజిన్‌కే..."

"ఆ తలుపు గాలికి కొట్టుకు చస్తోంది. దానికి అడ్డం పెట్టు."

పెట్టాడు. తలుపు కొట్టుకోవడం ఆగింది. ఇంజిన్ అదురు ఆగలేదు.

పోటీకి ముందు బండ్లను తనిఖీ చేస్తారు. వంగి చూసినవాళ్ళకు నూనె చుక్క కనబడకూడదు. ఇంజిన్ కింద మందపాటి గుడ్డ కట్టమన్నాడు ఓనరు. మెకానిక్ కట్టాడు. కుళ్ళిన పుండు మీద పౌడరు అద్దినట్టు.

"ఇదేంటి బావా?" అన్నాడు డ్రైవరు.

"నీ పనల్లా నడపడం. నడుపు."

నడిపాడు.

పోటీలో నాలుగు చుట్ల దాకా గుడ్డ నూనె తాగింది. తర్వాత దానికీ కడుపు నిండింది. మలుపులో ముందు టైరు జర్రున జారింది. బండి గోడలోకి దూరిపోయింది.

బండి దగ్గర్నుంచి మెకానిక్ ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు. ఓనరు అడిగిన మొదటి మాట:

"ఇంజిన్ బాగానే ఉందా?"

మెకానిక్ చేతులకంటిన నూనెను గోడకేసి రుద్దుకున్నాడు. రుద్దితే మాత్రం ఏం లాభం? గుడ్డ కట్టింది ఆ చేతులే.

మర్నాడు ఓనరు బామ్మర్ది ఇంటికి వెళ్ళాడు. ముఖానికి దుఃఖం పులుముకున్నాడు గానీ, బూట్లకు నూనె మరక పోలేదు.

గదిలో బామ్మర్ది భార్య నేల మీద ఒరిగి ఉంది. ఆమె తల ఎవరి ఒళ్ళోనో ఉంది.

ఆ ఒడి ఎవరిదో చూసి ఓనరు మొహం చిట్లించాడు. అక్కడే ఉన్న తన భార్యను పక్కకు లాగాడు.

"ఆ పాత సామాన్లది ఇక్కడికెందుకొచ్చింది? ఇంకా ఏం అంటగడుతుందట?"

భార్య అతని చెయ్యి విదిలించుకుంది. పురుగును దులిపినట్టు.

"నోరు తగ్గించండి. నువ్వూ నాలాగా కాకూడదనే మోసుకొచ్చానమ్మా అని ఇందాకటి నుంచీ ఏడుస్తోంది. మావాడి కంటే ముందు, మీరు కొనకముందు ఆ బండి నడిపింది, ఆ బరువు చక్రం తీసేసి తేలికది బిగించుకుంది, అదే మలుపులో పోయింది ఆవిడ మొగుడే."