నలభై నిమిషాల పాఠం

"ఈ ఎండలో పరిగెత్తిస్తారా తల్లీ?"

ట్రాక్ పక్కన ఇనప కంచె పట్టుకుని నిలబడ్డ టోపీ ముసలాయన అడిగాడు.

అక్క చేతిలోని అట్ట మీద కాగితాలు సర్దుకుంది. పొద్దున ఏడింటికి మొదలవ్వాల్సిన పరీక్షకి ఎగ్జామినర్ గారు తాపీగా పదింటికి వేంచేశారు. ఆమె వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది.

క్రీడల నిర్వహణ, శిక్షణలో రెండేళ్ళ పీజీ. ఇది ఆఖరి ప్రాక్టికల్. ముందే రాసిచ్చిన నలభై నిమిషాల పాఠాన్ని గ్రౌండ్ మీద ఒక రన్నర్‌తో చేయించి చూపించాలి.

మధ్యలో ఆపితే సున్నా. కారణం ఏదైనా సరే. హాల్ టికెట్ వెనక అచ్చేసిన రూలు అది.

సున్నా వస్తే మళ్ళీ వచ్చే ఏడే. స్కూల్లో కోచ్ ఉద్యోగం ఆమె కోసం నెలాఖరు దాకా ఆగుతుంది గానీ ఏడాది ఆగదు.

రావాల్సిన రన్నర్ జ్వరమని పొద్దున్నే ఫోన్ చేసింది. ఇక గత్యంతరం లేక అక్క తన చెల్లెలు బుజ్జిని తెచ్చుకుంది. పదిహేడేళ్ళ పిల్ల, కాలేజీ టీములో పరిగెడుతుంది.

"నీ మార్కులన్నీ నా కాళ్ళలో ఉన్నాయి. నెల రోజులు నా వంతు గిన్నెలు నువ్వే తోమాలి" అంటూ షూ లేసులు బిగించుకుంది బుజ్జి.

ఎగ్జామినర్ గొడుగు కింద కూర్చుని వాచీ చూసుకున్నాడు.

"మొదలుపెట్టండి."

ఇరవై నిమిషాలు సాఫీగా గడిచాయి. ఇక వేగం పెంచే రౌండ్లు.

నాలుగో రౌండులో బుజ్జి అడుగు గీత దాటి పక్క లైనులో పడింది.

"అమ్మా, ఆ పిల్ల తూలుతోంది. ఆపు" అన్నాడు ముసలాయన.

అక్క ఎగ్జామినర్ వైపు చూసింది. ఆయన కాగితం వైపు చూస్తున్నాడు.

"మీరెవరండీ మధ్యలో? పరీక్ష జరుగుతోంది" అంది అక్క.

"తెలుసు. అందుకే ఆపమంటున్నా."

బుజ్జి దగ్గరికొచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"ఎన్నో రౌండే ఇది?" అని అడిగింది అక్క.

"అమ్మ పిలుస్తోందక్కా" అంది బుజ్జి, అక్క మొహంలోకి చూడకుండా.

అమ్మ ఆ టైముకి ఎక్కడో తన ఆఫీసులో ఉంది.

ఆపమని చెప్పాలి. అక్క నోరు తెరిచింది కూడా. ఇంకా రెండు రౌండ్లే కదా అని మనసు బేరమాడింది.

ముప్పై ఒకటో నిమిషంలో బుజ్జి కుప్పకూలింది.

"కారు తెప్పించండి" అని కేకేస్తూ అక్క పరిగెత్తింది. ఆమె చేరేలోగా ముసలాయన కంచె దూకాడు. ఆ వయసులో ఎలా దూకాడో ఆయనకే తెలియాలి.

బుజ్జిని రెండు చేతుల మీద ఎత్తుకుని, ట్రాక్ పక్కనున్న నీళ్ళ గుంట వైపు పరిగెత్తాడు. అడ్డంకుల పరుగులో దూకడానికి కట్టిన గుంట. అంతకుముందు పరీక్ష ఇచ్చిన అబ్బాయి పాఠం కోసం నిండా నింపి ఉంచారు.

పిల్లతో సహా అందులో దిగిపోయాడు.

"ముంచేస్తున్నాడు. ఎవరైనా రండి" అని అక్క అరిచింది.

చేతిలో ఉన్న అట్టతో ఆయన భుజం మీద, తల మీద కొట్టింది. టోపీ ఊడి నీళ్ళలో పడింది. ఆయన మాత్రం బుజ్జి తలని నీళ్ళ పైకి ఎత్తి పట్టుకునే ఉన్నాడు.

"కారు తర్వాత. ముందు ఒళ్ళు చల్లబడాలి" అన్నాడు.

వాచ్‌మన్ వచ్చి ఆయన రెక్క పుచ్చుకున్నాడు.

"ఈయనేనమ్మా, ఏటా ప్రాక్టికల్స్ రోజు దాపురిస్తాడు. ఏటా బయటికి పంపిస్తాం."

"నన్ను లాగు నాయనా, వస్తాను. పిల్లని మాత్రం లాగకండి. తల్లీ, నువ్వు దిగి తల పట్టుకో. అంబులెన్స్ వచ్చేదాకా పైకి తీయకు."

ఆయన గొంతులో భయం గమనించి అక్క నీళ్ళలోకి దిగింది. తడిబట్టలతోనే ఆయన్ని గేటు దాటించారు.

సాయంత్రానికి ఆసుపత్రిలో బుజ్జి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది.

"నీళ్ళలో పెట్టింది ఎవరు? అలా చెయ్యకుండా బండెక్కించి ఉంటే పిల్ల దక్కేది కాదు" అంది డాక్టరమ్మ.

అక్క గోడకి ఆనుకుని ఏడ్చింది. వెంటనే వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. ముసలాయన అప్పుడే వెళ్ళిపోయాడు. పేరూ ఊరూ ఎవరూ అడగలేదు.

డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ చూడడానికొచ్చింది. కాసేపు బుజ్జి మంచం పక్కన కూర్చుని, అక్కని బయట వరండాలోకి పిలిచింది.

"ఎగ్జామినర్ సున్నా వేశాడమ్మా. ముప్పై ఒకటో నిమిషంలో ఆగింది కదా, రూలు ప్రకారం తన చేతుల్లో ఏం లేదంటాడు."

"ఆ రూలు ఎవరు రాశారు మేడమ్?"

"నాకు ముందున్న హెడ్. విద్యార్థులు సాకులు చెప్పి ఎగ్గొడుతున్నారని పెట్టాడు. ఆ ఏడే ఒక కుర్రాడు ఇలాగే పడిపోయాడు. అందరం కలిసి కారెక్కించాం. దారిలోనే పోయాడు. మర్నాడే ఆయన ఉద్యోగం వదిలేశాడు. రూలుని మాత్రం మేం వదల్లేదు."

అక్కకి ఒళ్ళు మండిపోయింది.

"అలాంటి మనిషిని ఒక్కసారి ఎదురుగా చూడాలనుంది మేడమ్."

మేడమ్ తల అడ్డంగా ఊపింది.

"చూశావమ్మా. ఇవాళ నీళ్ళలో దిగి మీ చెల్లి తల పట్టుకున్నది ఆయనే."