ఒక్క పూట తండ్రి వేషం

“బొట్టు తుడిచెయ్యాలా?” అనడిగాడు సుబ్రహ్మణ్యం, చేతిరుమాలు నుదుటి దాకా తీసుకెళ్ళి.

“తుడువాలె మరి. జేవియర్ ఏషమాయె. జేవియర్‌కు బొట్టేంది?” అన్నాడు బాలనర్సయ్య.

బాలనర్సయ్య ఫిల్మ్ నగర్‌లో సినిమాలకు జూనియర్ ఆర్టిస్టుల్ని పంపే ఏజెంటు. పెళ్ళి సీనుకైనా, కోర్టు సీనుకైనా జనం అతని రేకుల షెడ్డు నుంచే వెళ్ళాలి. సుబ్రహ్మణ్యానికి సొంత కోటుంది కాబట్టి పెద్దింటి పార్టీ సీన్లకు పిలుస్తుంటాడు. పదహారేళ్ళుగా వెనక వరసే. ఏ డైరెక్టరూ అతని చేత ఒక్క మాట పలికించిన పాపాన పోలేదు. ఇంటికెళ్ళినా అంతే, పలకరించే మనిషి లేడు.

ఇవాళ మాత్రం అదృష్టం రెండు వైపుల నుంచీ వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి స్టూడియోలో జడ్జి వేషం, అందులో ఒక డైలాగు. అంతకుముందు, పొద్దున పూట, బెంచీ చివర ముడుచుకుని కూర్చున్న ఆ పిల్లకు తండ్రి వేషం.

పిల్ల పేరు ఫిలోమినా. వెంగళరావు నగర్‌లో పిన్ని ఇంట్లో ఉంటోంది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి జేవియర్ స్టూడియోలో లైట్‌మన్. సరిగ్గా ఇంటర్ పరీక్షల ముందు అతనూ పోయాడు. ఎప్పుడూ క్లాసులో ఫస్టొచ్చే పిల్లకు యాభై ఏడు శాతం వచ్చింది. ఆ మార్కులతోనే, ఎవరు నవ్వినా లెక్కచెయ్యకుండా, ఢిల్లీలో పేరుమోసిన యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టింది. ఎంట్రెన్సులో ఎలాగో గట్టెక్కింది. సీటు సంగతి ఇక ఇంటర్వ్యూలోనే తేలాలి.

“తండ్రిని తీస్కరమ్మన్నరంట. పన్నెండింటికల్లా వచ్చెయ్. జర లేటైతే జడ్జి ఏషం ఇంకోనికి పోతది. మల్ల నన్ననొద్దు” అని చెప్పి పంపాడు బాలనర్సయ్య.

ఆటో శ్రీనగర్ కాలనీ వైపు తిరిగాక సుబ్రహ్మణ్యం ఉండబట్టలేక అడిగాడు. “నాన్నగారు లేరని చెబితే సరిపోయేది కదమ్మా?”

“మార్కులూ లేవు, నాన్నా లేడంటే ఇంకేం మిగిలిందండీ చెప్పుకోడానికి?”

ఆ పిల్ల అంత మామూలుగా అనేసరికి అతను ఆ మాట అక్కడితో వదిలేశాడు.

“సరే, నా డైలాగులు చెప్పు. మార్కులెందుకు తగ్గాయని అడిగితే టైఫాయిడ్ వచ్చిందననా?”

“అనండి.”

“ఇంకా?”

ఫిలోమినా ఆలోచించింది. “నేను బయటికొచ్చాక ‘ఎలా చేశావమ్మా?’ అనండి.”

“అదీ ఒక డైలాగేనా?” అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. “మర్చిపోకండి” అంది.

ఇంటర్వ్యూలు ఒక గెస్ట్ హౌస్‌లో. వరండా నిండా పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ. ఒకావిడ కొడుక్కి పేపరుతో విసురుతోంది. ఇంకొకాయన కూతురి చేత జవాబులు అప్పజెప్పించుకుంటున్నాడు.

“మావాడికి తొంభై ఒక్క శాతమండీ” అన్నాడు పక్క కుర్చీ ఆయన.

“మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చిందండీ” అన్నాడు సుబ్రహ్మణ్యం, అడక్కముందే. ఫిలోమినాకు ఆ పూట మొదటిసారి నవ్వొచ్చింది.

అతనికి కూర్చుంటే కుదురు లేదు. లోపల ఎలా నమస్కారం పెట్టాలో, ఎక్కడ ఆగాలో గొణుక్కుంటూనే ఉన్నాడు. లేచి వెళ్ళి తలుపు దగ్గరున్న ప్యూనుతో ఏదో మాట్లాడి, కుండలో నీళ్ళు తాగి వచ్చాడు. వచ్చాక గొణుగుడు మానేశాడు.

“భయంగా ఉందాండీ?”

“భయమెందుకు? నువ్వు పొద్దున ఏమైనా తిన్నావా?”

తినలేదు. రోడ్డు మీదికి వెళ్ళి ఇడ్లీ పొట్లం కట్టించుకొచ్చాడు.

పదకొండున్నర దాటినా పిలుపు రాలేదు. ఫిలోమినా వేళ్ళు నలుపుకుంది. “మీకు షూటింగుంది కదా. వెళ్ళిపోతారేమో...”

“బావుంది. లోపలివాళ్ళు నీ తండ్రేడీ అంటే ఎవర్ని చూపిస్తావు?”

ఆమె తల దించుకుంది.

రెండైంది. సుబ్రహ్మణ్యం గోడ గడియారం వంక చూసి, కోటు గుండీ పెట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. మూడింటికి ప్యూను ఫిలోమినా పేరు పిలిచాడు. ఇద్దరూ లేచారు.

“ముందు నువ్వు పద. నన్ను తర్వాత పిలుస్తారు కాబోలు” అన్నాడు.

ఆమె బయటికొచ్చేసరికి వరండా సగం ఖాళీ అయింది. అతను మాత్రం తలుపుకు ఎదురుగా నిలబడే ఉన్నాడు.

“ఎలా చేశావమ్మా?”

అందాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి కట్టలు తెంచుకుంది. ఫిలోమినా ఏడ్చేసింది. సుబ్రహ్మణ్యం జేబులోంచి రుమాలు తీసిచ్చాడు. దాని మీద పొద్దుటి కుంకుమ మరక ఇంకా ఉంది.

“మార్కుల గురించి అడిగారు. టైఫాయిడ్ అనలేకపోయాను. నాన్న పోయాడని చెప్పేశాను.”

“మంచిపని చేశావు. ఏమన్నారు?”

“ఎవరితో వచ్చావని అడిగారు. బయట నాకోసం ఒకరున్నారని చెప్పాను. ఇక భయం వెయ్యలేదండీ, అన్నిటికీ జవాబు చెప్పాను. సీటు సంగతి వారంలో తెలుస్తుందట.”

ఇద్దరూ మెట్లు దిగారు. గేటు దగ్గర ఆమె ఆగిపోయింది.

“నావల్ల మీ జడ్జి వేషం పోయింది. మీకు నిజం చెప్పాలి. తండ్రిని తీసుకురమ్మని వాళ్ళు అనలేదండీ. అందరికీ బయట ఎవరో ఒకరుంటారు కదా, నాకూ ఉండాలనిపించి అబద్ధమాడాను.”

సుబ్రహ్మణ్యం ఆటో కోసం చెయ్యెత్తాడు.

“తెలుసమ్మా, పొద్దున్నే ప్యూను చెప్పాడు.”