ముసలి గుర్రానికి మళ్లీ పేలు

"పేలే," అంది డాక్టరమ్మ, గుర్రం జూలు పాయ తీసి చూపిస్తూ. "మళ్లీ పట్టాయి."

పెద్దాయనకి తల కొట్టేసినట్టయింది. కళ్లేలు పట్టి పట్టి అరచేతులు కాయలు కాసినవాడు. గుర్రం తుమ్మితే చాలు, దేనికి తుమ్మిందో చెప్పగలనని పదిమందిలో అనేవాడు. అలాంటివాడి సొంత కొట్టంలో పేలు. అదీ రెండోసారి.

మొదటిసారి డాక్టరమ్మ చెప్పినదాంట్లో ఆయన పొల్లు పోనివ్వలేదు. వయసు మళ్లిన గుర్రానికి చలికాలపు బొచ్చు దట్టంగా పెరిగి ఒక పట్టాన రాలదనీ, ఆ బొచ్చే పేలకి పట్టుపరుపనీ ఆవిడ చెప్పింది. సరేనని పొడుగు బొచ్చంతా కత్తిరించాడు. జూలు మొదట్లో, వెన్ను పొడుగునా, తోక కింద మందు పొడి రుద్దాడు. ఆ పొడికి పేలు చస్తాయిగానీ ఈపులు చావవు. అందుకని ఈపుల్లోంచి పిల్ల పేలు బయటపడే వేళకి ఇంకోసారి రుద్దాడు. కొట్టంలో పాత గడ్డి ఊడ్చి తగలబెట్టాడు. గుర్రం కప్పుకునే దుప్పట్లనీ, దాన్ని తోమే బ్రష్షులనీ ఆయన భార్య మరిగే నీళ్లలో వేసి, ఎండలో ఆరేసింది. కొట్టం వాసనకే ముక్కు మూసుకునే మనిషి అలా చెంగు బిగించి దిగేసరికి పెద్దాయనకి ముచ్చటేసింది. వయసు మీదపడితే మనుషులు మెత్తబడతారు కాబోలు అనుకున్నాడు.

గుర్రం ఒళ్లు మళ్లీ నిగనిగలాడింది. ఇంకేం భయం లేదనుకున్నారు. ఇప్పుడేమో పొద్దస్తమానం గోడకేసి వీపు రాసుకుంటోంది. మెడ దగ్గర బొచ్చు ఊడి తోలు కనబడుతోంది.

ఇవి రక్తం పీల్చే రకమనీ, ముసలి ప్రాణం తట్టుకోలేదనీ డాక్టరమ్మ చెప్పింది. అప్పటికే డొక్కలు తేలాయి. మందు మళ్లీ రుద్దాలి, మేత పెంచాలి. అయితే అసలు సంగతి అది కాదంది.

"మీరు చేసినదాంట్లో లోపం లేదు పెద్దాయనా. మనుషుల పేలు గుర్రానికి పట్టవు. ఇవి ఇంకో గుర్రం నుంచే రావాలి. ఏ గుర్రం పక్కన నిలబడిందో కనిపెట్టండి. లేకపోతే మనం రుద్దుతూనే ఉంటాం, అవి వస్తూనే ఉంటాయి."

"ఇది గేటు దాటితే కదమ్మా. కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాస్తున్నాను."

పక్కన నిలబడ్డ భార్య దుప్పట్లు తీసుకుని నీళ్లు కాచడానికి వెళ్లిపోయింది.

పెద్దాయన గోడ వైపు చూసి, గాడిద నుంచి కూడా రావొచ్చా అని అడిగాడు. కొన్ని రకాలు రావొచ్చంది డాక్టరమ్మ. ఇంకేముంది, దొంగ దొరికాడు. గోడ అవతల ఇటుకలు మోసే వాడికి ఒక గాడిద ఉంది. అది రోజూ గోడ మీంచి తల పెట్టి గుర్రంతో ఊసులాడుతుంది.

పెద్దాయన గోడ దగ్గరికెళ్లి, నీ గాడిద వల్ల నా గుర్రం చావబోతోందని నిలదీశాడు. ఇటుకలవాడు చేతిలో పని ఆపాడు.

"అన్నా, నన్నేమన్నా పడతాను. దాన్నంటే ఊరుకోను. డాక్టరమ్మ ఇక్కడే ఉందిగా, చూడమను."

గాడిద అలవాటు లేని చెయ్యి తగిలేసరికి తన్నబోయింది. ఎవరో ఒకరు కాళ్లు పట్టుకోండి అంది డాక్టరమ్మ. ఇటుకలవాడు చేతులు కట్టుకుని పెద్దాయన వైపు చూశాడు. అవసరం వస్తే వసుదేవుడంతటివాడికే తప్పలేదు. పెద్దాయన వంగి గాడిద కాళ్లు పట్టుకున్నాడు.

డాక్టరమ్మ చెవుల వెనక నుంచి తోక దాకా వేళ్లతో వెతికింది. ఒక్క పేను లేదు, ఒక్క ఈపి లేదు. కడిగిన ముత్యంలా ఉందని చెప్పింది.

"ఇప్పుడు దానికి ఏం చెబుతావన్నా?" అన్నాడు ఇటుకలవాడు, చాలా మర్యాదగా.

పెద్దాయన గాడిద మెడ నిమిరి, తప్పైపోయిందని గొణిగి ఇంటికొచ్చాడు.

అన్నం సయించలేదు. తనకి తెలియకుండా ఎవరో గుర్రాన్ని బయటికి తోలుకెళ్తున్నారు. ఎప్పుడు? రాత్రిళ్లు తనకి నిద్రే పట్టదు. పగలంతా కొట్టంలోనే ఉంటాడు. ఇక మిగిలింది భోజనమయ్యాక తీసే కునుకు ఒక్కటే.

తిన్న చెయ్యి కడుక్కుని, కుర్చీ ఈడ్చుకెళ్లి కొట్టం గుమ్మానికి అడ్డంగా వేసుకున్నాడు. పక్కన చేతికర్ర పెట్టుకున్నాడు. గుర్రం వెనక నుంచి ఆయన భుజం మీద గడ్డం ఆనించింది.

భార్య ఎక్కడికో వెళ్లి, ఎండలో చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది. ఈయన్ని చూసి ఆగింది. కుర్చీలో కూర్చుంటే నడుము పట్టేస్తుంది, లేచి లోపలికి రమ్మంది.

"రాను. దీన్ని ఎవరు తోలుకెళ్తున్నారో తేలాలి. నా ప్రాణం తీసుకుపోయినట్టే కదే అది. వాడు దొరికేదాకా ఈ కుర్చీలోంచి లేవను."

ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుంది. గుర్రం మెడ మీద బొచ్చు ఊడిన చోట మెల్లగా చెయ్యి వేసింది. పెద్దాయన ముఖంలోకి చూడకుండానే అంది.

"లేచొచ్చి పడుకోండి. అక్కడి గుర్రాలన్నిటికీ మందు రుద్దేదాకా, ఇది కోలుకునేదాకా, స్వారీ పాఠాలకి రానని మా మాస్టారితో ఇప్పుడే చెప్పొచ్చాను."