గుండ్రటి గోడ

"సేఠ్‌కు నా పేరు చెప్పింది నువ్వే!"

భూపతి మళ్లీ కొట్టాడు. ఇనుప రాడ్డు కింద బావ ఓదేలు మోచెయ్యి పటుక్కుమంది.

"నేను చెప్పలేదురా. మీ అక్క మీదొట్టు!"

"కూలి పెంచుమని ఇద్దరం అడిగినం. నా పని పోయింది. నీది ఎట్ల మిగిలింది?" అంటూ డొక్కలో తన్నాడు.

సూరత్‌లోని ఆ పాత చర్చిలో అప్పుడు వాళ్లిద్దరే ఉన్నారు. కారఖానా నుంచి బావను తరుముకుంటూ వచ్చాడు భూపతి. పెద్ద గుమ్మటం కింద, గుండ్రటి గోడ వార ఓదేలు కూలబడ్డాడు. భూపతి ఎదుటి వాకిలి దాకా నడిచి, రొప్పుతూ గోడకు తల ఆనించాడు.

చెవి పక్కనే బావ గొంతు వినిపించింది. గిర్రున తిరిగి రాడ్డెత్తాడు. పక్కన ఎవరూ లేరు. బావ అంత దూరాన, పడ్డచోటే ఉండి ఫోన్‌లో గొణుగుతున్నాడు. ఆ గొణుగుడు గోడ వంపు వెంట పాకి వచ్చి ఇక్కడ పలుకుతోంది.

"ఏం లేదే లలితా, మెట్ల మీద జారిపడ్డ. చెయ్యికి జర తాకింది. నీ తమ్ముడా? ఈడనే ఉన్నడు. దవాఖానకు తోల్కపోతున్నడు. నువ్వు పరేషాన్ గాకు."

భూపతి రాడ్డును చప్పుడు కాకుండా కింద పెట్టాడు. కారఖానాలో మరమగ్గాల సాంచాల రొదలో ఏళ్ల తరబడి అరిచి మాట్లాడిన నోటికి గుసగుస చేతకాదు. అయినా గోడకు పెదవులు ఆనించి, వీలైనంత మెల్లగా అన్నాడు.

"బావా, పోదాం పా."

అవతల ఓదేలు ఫోన్ జారవిడిచి, బాగున్న చెయ్యిని తలకు అడ్డం పెట్టుకున్నాడు.