నకలు తీయరాదు

"చెయ్యను," అంది జిరాక్స్ ఆవిడ. ఫోటోని గాజు బల్ల మీద వెనక్కి తోసేసింది.

అతనికి ముందు అర్థం కాలేదు. మెషీన్ పాడైందేమో అనుకున్నాడు. కానీ పక్కనే అది ఎవరివో పెన్షన్ కాగితాలు గరగరమంటూ కక్కుతూనే ఉంది.

"వంద కాపీలు కావాలండీ. పైన ఫోటో, కింద ఈ నాలుగు లైన్లు. అంతే. నా భార్య నిన్న పొద్దుటి నుంచి కనబడట్లేదు."

అతని గళ్ల చొక్కా నలిగిపోయి ఉంది. గడ్డం గీసుకుని రెండు రోజులైనట్టుంది. జేబులోంచి ఇంకో కాగితం తీసి, మడతలు సాపు చేసి ఫోటో పక్కన పెట్టాడు. 'కనబడుట లేదు. మతిస్థిమితం సరిగా లేదు. ఆచూకీ తెలిపినవారికి తగిన పారితోషికం.' కింద ఫోన్ నంబరు.

ఆవిడ కాగితం చదివింది. ఫోటో మళ్లీ చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. తిప్పి వెనకవైపు చూపించింది. అక్కడ ఏదో స్టూడియో ముద్ర. దాని కింద వంకరగా ఒక వాక్యం: 'మా అనుమతి లేనిదే నకలు తీయరాదు.'

"ఇది స్టూడియో వాళ్ల ఫోటో. హక్కులు వాళ్లవి. అనుమతి రాయించుకుని తీసుకురండి, వంద కాదు, వెయ్యి కొట్టిస్తాను."

"అది నా పెళ్లాం ఫోటో!"

"మనిషి మీ ఆవిడే కావచ్చు. ఫోటో వాళ్లది."

పెన్షన్ కాగితాల కోసం నిలబడ్డ మాస్టారు కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఇదేం చోద్యమమ్మా? మనిషి కనబడక ఆయన అల్లాడిపోతుంటే!"

"నేను చెప్పట్లేదు మాస్టారూ. బోర్డు చెబుతోంది."

గోడ మీద ఫ్యాను గాలికి ఒక అట్టముక్క ఊగుతోంది. 'కాపీరైట్ ఉన్న బొమ్మలు, పుస్తకాలు కాపీ చేయబడవు.' ఏడాది కిందట ఎవరో పుస్తకాల కంపెనీ వాళ్లు వచ్చి గొడవ చేసి వెళ్లినప్పుడు తగిలించింది. అప్పటినుంచి దాన్ని చదివినవాళ్లు లేరు. పాటించినవాళ్లు అసలే లేరు, ఆవిడతో సహా.

"మొన్న మా మనవడి టెక్స్ట్‌బుక్ అట్ట నుంచి అట్ట దాకా కొట్టిచ్చావు కదా!" అన్నారు మాస్టారు. "దానికి లేని హక్కులు దీనికెక్కణ్నుంచి ఊడిపడ్డాయి?"

"మొన్నటి సంగతి మొన్న."

అతను చేతులు జోడించినంత పని చేశాడు. "ఆ స్టూడియో మూసేసి ఆరేళ్లయిందండీ. ఎవర్ని అడగమంటారు? ఇంట్లో ఇదొక్క ఫోటోనే మిగిలింది."

"అది మీరు చూసుకోవాలి."

"పోనీ, ఈ ఫోటోనే నా ఫోన్లో కూడా ఉంది. దాన్నుంచి ప్రింట్ తియ్యండి."

"దేన్నుంచి తీసినా బొమ్మ అదే కదా."

మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"పోలీస్ స్టేషన్‌లో చెప్పారా?" ఉన్నట్టుండి అడిగింది ఆవిడ. "వాళ్లొచ్చి కొట్టమంటే కొడతాను."

"నా ఇంటి సంగతులు నీకెందుకు?" అతని గొంతు మారింది. "కాపీలు తీస్తావా, తియ్యవా?"

"తియ్యను."

అతను గాజు బల్ల మీద గుద్దాడు. స్టేప్లర్ ఎగిరి కింద పడింది. "నువ్వసలు ఆడదానివేనా? నీ ఇంట్లో మనిషి పోతే తెలుస్తుంది నీకు!"

ఆవిడ వంగి స్టేప్లర్ తీసి యథాస్థానంలో పెట్టింది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. ఫోటోని మళ్లీ అతని వైపు తోసింది.

అతను విసురుగా ఫోటో, కాగితం లాక్కుని మెట్లు దిగాడు. ఇంకా చివరి మెట్టు మీదే ఉన్నాడు, ఆవిడ ఫోన్ తీసింది. అతనికి వినబడినా ఫర్వాలేదన్నట్టు మాట్లాడింది.

"అన్నయ్యా, నేనే. గళ్ల చొక్కా అతనొకడు నీ కొట్టుకొస్తాడు. స్టూడియో ముద్రున్న ఫోటో. కొట్టావంటే లేనిపోని తలనొప్పి నెత్తికి చుట్టుకుంటుంది. కుదరదని చెప్పు. అవతలి సందులో వాళ్లకీ చెప్పెయ్."

అతను వెనక్కి తిరిగాడు. ఆవిణ్ని ఎగాదిగా చూసి గుమ్మం మీద ఉమ్మేశాడు. "నీ చేతులు పడిపోను!"

మాస్టారు కాగితాలు సర్దుకున్నారు. ఎప్పుడూ 'వస్తానమ్మా' అనే మనిషి, చిల్లర బల్ల మీద పడేశారు.

"పదేళ్లుగా నీ దగ్గరికి వస్తున్నాను. నీలో ఇంత విషం ఉందనుకోలేదు. ఇంక ఈ గడప తొక్కితే ఒట్టు."

"జాగ్రత్తగా వెళ్లండి మాస్టారూ," అని మాత్రం అంది ఆవిడ. ఆయన వినిపించుకోలేదు.

గళ్ల చొక్కా వీధి మలుపు తిరిగిపోయేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత బకెట్టుతో నీళ్లు తెచ్చి గుమ్మం కడిగింది. పట్టపగలే షట్టర్ సగానికి దించింది. మెషీన్ ఆపేసి, బైండింగ్ గది తెర పక్కకి తీసింది.

లోపల, స్పైరల్ తీగల పెట్టెకీ గోడకీ మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న ఆ ఫోటోలోని అమ్మాయి, వాచి మూసుకుపోయిన ఎడమకంటి మీది నుంచి చెయ్యి తియ్యకుండానే, "వెళ్లిపోయాడా అక్కా?" అంది.