వెనక వచ్చినావిడ

ఈల మోగీ మోగకముందే దర్జీ అమ్మాయి కుడికాలి బూటు ఊడిపోయింది.

వెనక ఎవరో మడమ తొక్కారు. గుంపు గుంపంతా ఆమెను దాటుకుని, దుమ్ము రేపుకుంటూ కొండదారి పట్టింది.

బూటు తొడుక్కుని, ముడి బిగించి, తలెత్తేసరికి పందెం మొదలయ్యే గీత దగ్గర మిగిలింది ఇద్దరే. తనూ, వెలిసిపోయిన టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడా.

"మీరింకా వెళ్ళలేదేం పిన్నిగారూ?"

"నువ్వు కానీ తల్లీ. నాకేం తొందర!"

తొందరంతా దర్జీ అమ్మాయిదే. అదీ మామూలు తొందర కాదు.

పొద్దస్తమానం కుట్టుమిషను ముందు వంగి కూర్చునే మనిషి ఆమె. తెల్లారగట్ల, ఇంట్లో ఒక్కరూ లేవకముందే, వీధి చివరిదాకా పరుగెత్తి రావడం అలవాటు చేసుకుంది. రోజు మొత్తంలో ఆమెదంటూ ఉన్నది ఆ కాసేపే. సముద్రం పక్కన ఈ కొండల పార్కులో పరుగు పందెమని విన్నదే తడవు, పేరిచ్చేసింది.

తోడికోడలు ఊరుకుంటుందా మరి?

"ఆఖరున వచ్చావో, ఆ బూట్లు నాకిచ్చేయాలి. మట్టి పోసి మొక్కలు పెట్టుకుంటా. మళ్ళీ జన్మలో పరుగు మాటెత్తకూడదు," అంది, ఇంటిల్లిపాది ముందూ.

"అలాగే అక్కా!" అనేసింది ఈమె కూడా, పౌరుషానికి పోయి.

ఆ తోడికోడలు ఇప్పుడు పందెం ముగిసే చోట గొడుగు వేసుకుని మరీ కూర్చుని ఉంది.

దర్జీ అమ్మాయి పరుగందుకుంది. ముళ్ళపొదల మధ్య సన్నటి దారి. అంతా ఎక్కుడు. అడుగు వేస్తే గులకరాళ్ళు జారిపోతున్నాయి. ఊపిరి బిగబట్టి పైకి చేరిందో లేదో, కిందంతా సముద్రం! గాలి ఈడ్చి మొహాన కొట్టింది. చెప్పొద్దూ, ఆమెకు గట్టిగా కేక పెట్టాలనిపించింది. పెట్టింది కూడా.

వెనక్కి చూసింది. టోపీ అక్కడే ఉంది, పిలిస్తే పలికేంత దూరంలో.

'ఈవిడొక్కతీ నా వెనకే ఉంటే చాలు, దేవుడా!' అనుకుంది.

ఆ సంబరంలో, దారి చీలిన చోట కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగింది.

"అమ్మాయ్! అటు పోతే చేపలతో పందెం వేసుకోవాలి. ఇటు రా!"

నాలిక్కరుచుకుని వెనక్కి వచ్చేసరికి ఇంకేముంది, పెద్దావిడ ముందుంది!

దర్జీ అమ్మాయికి అప్పుడే తన బూట్లలో మొక్కలు మొలిచి పూలు పూసినట్టే కనిపించింది.

అంతలో పెద్దావిడ ఒక బండ మీద చతికిలబడింది.

"బూట్లో రాయి దూరినట్టుంది. నువ్వు పద, నువ్వు పద."

'దొరికింది సందు!' అనుకుంటూ ఈమె ఒక్క ఉరుకు ఉరికింది. సాయం కావాలా అని మాటవరసకైనా అడగలేదు.

రాళ్ళ మెట్లు దిగుతుంటే పిక్క పట్టేసింది. అబ్బా అంటూ అక్కడే కూలబడింది.

టోపీ రానే వచ్చింది.

"వెళ్ళిపోండి పిన్నిగారూ. మీరే గెలిచారు. నా బూట్లు పోయినట్టే."

"బూట్లేమిటే?"

ఏడుపు గొంతుతో తోడికోడలి సంగతంతా చెప్పింది. పెద్దావిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే కింద కూర్చుని, ఆమె పాదం వెనక్కి వంచి పట్టుకుని, పిక్క మర్దన చేసింది.

"నా మూలాన మీకు ఆలస్యం..."

"నేనూ అలిసిపోయానులే. నీ వంకతో కూర్చున్నా."

అలిసినావిడ నుదుటి మీద చెమట చుక్క లేదు. అది చూసే ఓపిక దర్జీ అమ్మాయికెక్కడిది?

"ఇక లే. ఇంకొక్క కొండే. నేను దాటేస్తున్నా, కాచుకో!"

"మీరు నన్ను దాటుతారా?"

"దాటనా? చూస్తూ ఉండు!"

వెనక దబదబా అడుగులు. ఎక్కుడులో అడుగులు. దిగుడులో అడుగులు. ఇసుకలోకి దూకాక కూడా మడమల దగ్గరే అడుగులు! దర్జీ అమ్మాయి పుట్టి బుద్ధెరిగి అంత పరుగు పరుగెత్తలేదు. జడ ఊడిపోయింది. జనం ఈలలు. గొడుగు ఎటో విసిరేసి తోడికోడలు లేచి నిలబడింది.

"ఉరుకు! ఉరకవే! వచ్చేస్తోంది నీ వెనకాల!" అని గొంతు చించుకుంది, తన పందెం తానే మరిచిపోయి.

గీత దాటేసింది!

పెద్దావిడ ఆ తర్వాత నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది.

"ఆఖరు నేను కాదక్కా! అదిగో, ఆవిడ!" దర్జీ అమ్మాయి వేలు పెట్టి చూపించి మరీ గంతులేసింది. "పాపం, ఈ వయసులో ఆవిడకెందుకో ఈ పరుగులు!"

ఆ మాట ఆవిడ చెవిన పడింది. చిన్నగా నవ్వి, టోపీ సర్దుకుని, గేటు వైపు వెళ్ళిపోయింది.

నీళ్ళు తాగి, ఆయాసం తీరాక, దర్జీ అమ్మాయికి తన పిక్క పిసికిన ఆ చేతులు గుర్తొచ్చాయి. ఒక్క మంచి మాటైనా చెప్పలేదే!

గబగబా గేటు దాకా వెళ్ళింది. ఆవిడ ఎక్కిన బస్సు అప్పుడే మలుపు తిరిగిపోయింది.

గేటు దగ్గర పార్కు కాపలాదారు జెండాలు విప్పుతున్నాడు.

"టోపీ పెట్టుకున్న పిన్నిగారు ఎక్కడుంటారండీ? నా తర్వాత వచ్చారు చూడండి, ఆఖరున."

"ఆవిడా? ఆవిడ పందెంలో లేరమ్మా. మీకందరికీ ఉన్నట్టు ఆవిడ చొక్కా మీద నంబరు లేదు, చూళ్ళేదా?"

దర్జీ అమ్మాయి తన చొక్కా మీది నంబరు తడుముకుంది.

"అంటే... ఆఖరు నేనా?"

"ఎవరూ కాదు. ఆఖరు చోటు ఎప్పుడూ ఆవిడదే," అన్నాడు కాపలాదారు. "పందెంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడని ఈ కొండ మీద దాటిన మనిషి లేడు. ఇప్పుడు ఒక్కరు కూడా ఆఖరనిపించుకోకూడదని కావాలనే అందరి వెనకా వస్తారు."