గుమ్మంలో తనిఖీ

తలుపు తీస్తూనే ఆమె అతని మెడ చుట్టూ చేతులు వేసింది. కాలరులో ముక్కు పెట్టి గుండెల నిండా గాలి పీల్చింది.

‘చచ్చాను, మళ్లీ దొరికిపోయాను’ అనుకున్నాడు ప్రెస్సు డిజైనరు.

పెళ్లయి మూణ్నెల్లు. భార్య పళ్ల డాక్టరు. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల నోళ్లు చూసే మనిషి దగ్గర సిగరెట్టు సంగతి దాచడమంటే గుప్పిట్లో నిప్పు దాచడమే. రోజూ గుమ్మంలో ఇదే తనిఖీ. తిట్టదు, అడగదు. అదే అతనికి హడలు. ఏదో ఒకరోజు మాటా పలుకూ లేకుండా బట్టలు సర్దుకుని వెళ్లిపోతుందేమోనని బెంగ.

మెట్ల మీద ఎవరి లైటరు టిక్కుమన్నా ఆమె చేతిలో కాఫీ తొణుకుతుంది. భోజనం కాగానే వేళ్లు బల్ల మీద దరువేస్తాయి. కిందింటి తాతగారు సిగరెట్టు ముట్టిస్తే చాలు, కిటికీ మూయడానికి పరుగెత్తుతుంది. తీరా వెళ్లాక మూయడమే మరిచిపోయి అలా నిలబడిపోతుంది. అంత కోపం మరి!

ఓసారి అతను ఆఫీసులోనే చొక్కా మార్చుకుని, పుదీనా బిళ్లలు నమిలి వచ్చాడు. ఆమె ముక్కు కాలరంతా గాలించింది. ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు దడదడలాడాయి.

“ఏమైంది బంగారం?”

“ఏం కాలేదు. నన్ను కదిలించకండి.”

అబద్ధం పసిగట్టేసింది!

మర్నాడు ఏ నాటకమూ లేకుండా పొగ కంపుతోనే వచ్చాడు. ఆమె కూనిరాగం తీస్తూ కొసరి కొసరి వడ్డించింది.

నిజాయితీ అంటే ఈ పిచ్చిపిల్లకి ఎంత ఇష్టం! అతని మనసు వెన్నలా కరిగిపోయింది. ఇంత మంచి మనిషిని ఇంకా ఏడిపించడమా?

తెల్లారి ఆఫీసుకు వెళ్తూ సిగరెట్టు పెట్టె, లైటరు రెండూ వీధి చివర చెత్తకుండీలోకి విసిరేశాడు. ఇక చూడాలి అవస్థ! కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. గోళ్లు కొరికాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక, అచ్చం భార్యలాగే, బల్ల మీద వేళ్లతో దరువేశాడు. ముట్టుకోలేదు మాత్రం.

సాయంత్రం గుమ్మంలో ఆమె గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది. కాలరు వెనక్కి తిప్పి మరీ పీల్చింది.

“మానేశానోయ్! ఇక జన్మలో ముట్టను. నీ మీద ఒట్టు!”

ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

“పిచ్చీ, దీనికే ఇంత ఆనందమా?”

“ఎంత పని చేశారండీ!” ఆమె అతని కాలరు పట్టుకుని బావురుమంది. “పెళ్లికి ముందు నేను మానేసిన దగ్గర్నుంచీ మీ కాలరు వాసన మీదే బతుకుతున్నాను!”